ఒట్టి మనిషి కానప్పుడు స్టాండ్‌బై టికెట్: ఢిల్లీ నుంచి శ్రీకాకుళం దాకా

మా ఆయన ఢిల్లీలో ఒక విమాన సంస్థలో గ్రౌండ్ స్టాఫ్. అందుకని మా చుట్టాల్లో మాకో పేరుంది: "ఆళ్లకేటి, ఇమానం ఫ్రీ". ఫ్రీ కాదు. పన్నులు, ఫీజులు కట్టాలి. కట్టాక కూడా చేతికొచ్చేది సీటు కాదు, సీటు మిగిలితే ఎక్కొచ్చన్న మాట మాత్రమే. ఆ మాటని నమ్ముకుని, రెండో కాన్పుకి ఏడో నెలలో, నాలుగేళ్ల కూతుర్ని, అత్తని వెంటబెట్టుకుని ఆమదాలవలస దగ్గర మా పుట్టింటికి బయల్దేరాను. మా ఆయనకి సెలవు దొరకలేదు. ఉదయం ఇంట్లో కాఫీ తాగి బయల్దేరిన వాళ్లం ఊరు చేరేసరికి రాత్రి రెండు దాటింది. ఆ రోజు తెలియక చేసినవి, తర్వాత తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను. విమాన సంస్థల్లో పనిచేసే మన ఉత్తరాంధ్ర పిల్లలు ఇప్పుడు చాలామందే ఉన్నారు. వాళ్ల భార్యలకి, అక్కచెల్లెళ్లకి పనికొస్తుంది.

ముందుగా, స్టాండ్‌బై అంటే ఏమిటి

శ్రీకాకుళం కాంప్లెక్సులో పండగ ముందు బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి సీటు పట్టుకోవడం అందరికీ తెలుసు. స్టాండ్‌బై దానికి పూర్తిగా వ్యతిరేకం. తువ్వాలు వేసిన వాళ్లందరూ కూర్చున్నాక, డ్రైవరు ఇంజను స్టార్ట్ చేశాక, కండక్టరు లోపలికి తొంగి చూసి "ఒక్కటుంది, రండి" అంటాడే, ఆ ఒక్కటి మనది.

ఉద్యోగి ముందుగా మన పేర్లని ఫలానా విమానానికి నమోదు చేయాలి. దాన్ని లిస్టింగ్ అంటారు. లిస్టింగ్ లేకపోతే విమానం సగం ఖాళీగా వెళ్తున్నా మనల్ని ఎక్కించుకోరు. దేశీయ విమానాలకి చెక్‌ఇన్ మామూలుగా 60 నిమిషాల ముందు మూసేస్తారు. అప్పుడు టికెట్ కొని కూడా రాని వాళ్లెందరో తేలుతుంది. మిగిలిన సీట్లకి స్టాండ్‌బై జాబితా పైనుంచి పేర్లు పిలుస్తారు. ఆ జాబితాలో వరస టికెట్ రకాన్ని బట్టి, ఉద్యోగి సర్వీసుని బట్టి ఉంటుంది. సొంత సంస్థ వాళ్లయ్యాకే వేరే సంస్థల సిబ్బంది. కడుపుతో ఉన్నారనో, చంటిపిల్ల ఉందనో వరస మారదు. ఈ ఒక్క సంగతి ఇంట్లో పెద్దవాళ్లకి ముందే చెప్పి ఒప్పించండి. కౌంటర్ దగ్గర "మా కోడలు ఒట్టి మనిషి కాదు బాబూ" అని మా అత్త మూడుసార్లు చెప్పింది. ఆ అబ్బాయి మూడుసార్లూ మర్యాదగానే తలూపాడు, అంతకుమించి అతని చేతిలో ఏమీ లేదు. మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు గారే పౌర విమానయాన మంత్రి కదా, ఓ మాట చెప్పిస్తే అన్న మామయ్యలు కూడా ఉన్నారు. ఆ జాబితాకి సిఫార్సులు పనిచేయవు.

మొదటి పని: నెలలు కాదు, వారాలు లెక్కపెట్టండి

మన ఇళ్లలో లెక్క నెలల్లో. విమాన సంస్థల లెక్క వారాల్లో, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. ఈ తేడా దగ్గరే చాలామంది దెబ్బతింటారు.

మనవాళ్లు పుట్టింటికి బేసి నెలల్లోనే పంపుతారు: ఐదు, ఏడు, తొమ్మిది. ఏడో నెల అంటే సుమారు 26 నుంచి 30 వారాలు. విమానానికి ఏ ఇబ్బందీ లేని కాలం. తొమ్మిదో నెల పడిందంటే మాత్రం 35 వారాలు దాటుతున్నట్టే. ఒకే బిడ్డ, ఏ సమస్యా లేని గర్భమైతే అంతర్జాతీయంగా సాధారణ హద్దు 36 వారాలు, కవలలైతే 32. కొన్ని సంస్థలు 35 వారాలకే ఆపేస్తాయి. 32 వారాలు దాటితే మన దేశంలో మామూలుగా విమానం ఎక్కొచ్చని డాక్టరిచ్చిన ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ అడుగుతారు, కొందరు ఇంకా ముందునుంచే.

మామూలు టికెట్ ఉన్న మనిషికి ఇవి తేదీలు. స్టాండ్‌బై మనిషికి ఇవి జారిపోయే తేదీలు. 35 వారాల 4 రోజులకి బయల్దేరిన మనిషిని మూడు రోజులు విమానాశ్రయం చుట్టూ తిప్పితే, నాలుగో రోజు సీటున్నా ఎక్కనివ్వరు. సర్టిఫికెట్‌ది కూడా ఇదే కథ. కొన్నిచోట్ల మూడు రోజుల లోపలిది కావాలి, కొన్నిచోట్ల వారం. సోమవారం రాయించుకున్న కాగితం శుక్రవారానికి పాతబడిపోతుంది. నా మాట వింటే, స్టాండ్‌బై మీద ప్రయాణం ఏడో నెలతోనే ఆపండి. తొమ్మిదో నెలలో పంపే ఆనవాయితీ ఉన్న ఇల్లైతే ఆ ఒక్క ప్రయాణానికి డబ్బు పెట్టి టికెట్ కొనుక్కోండి.

సర్టిఫికెట్‌లో మీ పేరు గుర్తింపు కార్డులో ఉన్నట్టే ఉండాలి. వారాలు, కాన్పు తేదీ, ఒక బిడ్డా కవలలా, ప్రయాణానికి అభ్యంతరం లేదన్న మాట, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న ముద్ర చూసుకోండి. మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ రిపోర్టు కూడా సంచిలో పెట్టుకోండి. పొట్ట పెద్దగా కనిపించే వాళ్లని వారాలు అడుగుతారు, అప్పుడు నోటి మాట చెల్లదు.

డాక్టరు వద్దంటే ఇక చర్చ లేదు. మాయ కిందికి ఉన్నా, బీపీ ఎక్కువగా ఉన్నా, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినా, రక్తస్రావం కనిపించినా ఈ రకం ప్రయాణం మీకు కాదు. హిమోగ్లోబిన్ 7.5 కంటే తక్కువున్నా, సికిల్ సెల్ అనే రక్త జబ్బు ఉన్నా ముందు డాక్టరుతో గట్టిగా మాట్లాడాలి. విమానంలో గాలి ఒత్తిడి సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల కొండ మీద ఉన్నట్టుంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లికీ బిడ్డకీ ఆ తేడా ఏమీ చేయదు, రక్తం తక్కువున్న వాళ్లకి చేస్తుంది.

రెండో పని: రోజు చూడటం, మంచి రోజు చూడటం

రెండూ చూడాలి, రెండూ ఒకచోట కుదరవు. వారం మధ్యలో మంగళ, బుధవారాల్లో విమానాలు కాస్త ఖాళీగా ఉంటాయి. మంగళవారం ఆడపిల్లని పంపరు. శుక్రవారమూ పంపరు, అది మాత్రం మనకే మంచిది, శుక్రవారం సాయంత్రం విమానాల్లో ఎలాగూ చోటుండదు. మా ఇంట్లో బుధవారం మీద రాజీ కుదిరింది.

ముహూర్తం పట్టింపు మరీ ఎక్కువగా ఉన్న ఇంట్లో పాత పద్ధతి ఒకటుంది: ప్రస్థానం పెట్టడం. మంచి ఘడియలో ఓ చిన్న సంచి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేస్తే బయల్దేరినట్టే లెక్క. ఆ తర్వాత ఏ విమానం దొరికితే అది. స్టాండ్‌బై మనుషుల కోసమే ఎవరో కనిపెట్టారా అనిపిస్తుంది.

సంక్రాంతి ముందు వారం, తర్వాత వారం ఆలోచించనే వద్దు. దసరా సెలవులు, ఆ వెంటనే వచ్చే మంగళవారం విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం, బడులు మూసే ఏప్రిల్ చివర, తెరిచే జూన్ మొదట్లో కూడా అంతే. ఆ రోజుల్లో విశాఖ వైపు విమానాల్లో ఈగకి కూడా చోటుండదు.

లోడు, అంటే విమానంలో ఎన్ని సీట్లు నిండాయో, చూడటం ఉద్యోగి పని. వారం ముందు చూసిన అంకెని నమ్మకండి. ముందురోజు రాత్రి ఒకసారి, ఇల్లు కదిలే ముందు ఒకసారి చూడమనండి. మా ఆయన ముందురోజు రాత్రి చూసినప్పుడు హైదరాబాద్ నుంచి విశాఖ విమానంలో 14 సీట్లు ఖాళీ. తెల్లారేసరికి అంతకుముందు విమానం ఒకటి రద్దయి, అందులో వాళ్లంతా దీంట్లోకి వచ్చిపడ్డారు.

ఎప్పుడూ రోజులో మొదటి విమానానికే పేరు రాయించండి. తెల్లవారుజామున లేవలేక ఆగిపోయే వాళ్లుంటారు, అదీగాక మొదటిది పోయినా రెండోది, మూడోది ఉంటుంది. రాత్రి ఆఖరి విమానానికి స్టాండ్‌బై అంటే విమానాశ్రయంలో పడుకోవడానికి సిద్ధపడటమే. స్టాండ్‌బై వాళ్లకి సీటు దొరక్కపోతే హోటల్, భోజనం ఎవరూ ఇవ్వరు.

మూడో పని: దారి ఎంచుకోవడం

ఢిల్లీ నుంచి విశాఖకి నేరుగా వెళ్లే విమానాలు తక్కువ. హైదరాబాద్ మీదుగా అయితే ఎక్కువ, కానీ రెండుసార్లు అదృష్టం పరీక్షించుకోవాలి. అయినా నేను హైదరాబాద్ దారికే ఓటేస్తాను. ఢిల్లీలో సీటు రాకపోతే మా ఇంటికి వెనక్కి పోవచ్చు. హైదరాబాద్‌లో రాకపోతే కూకట్‌పల్లిలో చుట్టాలున్నారు, శంషాబాద్ నుంచి ఊళ్లోకి పుష్పక్ బస్సులున్నాయి, సికింద్రాబాద్ నుంచి శ్రీకాకుళం రోడ్డుకి విశాఖ ఎక్స్‌ప్రెస్, ఫలక్‌నుమా ఉన్నాయి. చిక్కుకుంటే మనవాళ్లున్న ఊళ్లో చిక్కుకోవాలి. భాష రాని ఊళ్లో, ఏ చుట్టమూ లేని చోట మారే దారి పెట్టుకోకండి.

ఆ రైళ్లలో ఒకదాంట్లో అదే రోజుకి టికెట్ ముందే తీసి ఉంచండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. గర్భిణులకి కింది బెర్తు కోటా ఉంది, డాక్టరు సర్టిఫికెట్ పట్టుకుని కౌంటర్‌లో అడగండి. వెళ్లకపోతే రద్దు చేస్తే కొంత పోతుంది. ఆ పోయేది బీమా అనుకోండి. మేం తీయలేదు.

ఊరి నుంచి ఢిల్లీకి తిరుగు ప్రయాణమైతే ఇంకో చిక్కు. శ్రీకాకుళం నుంచి విశాఖ విమానాశ్రయం 110 కిలోమీటర్ల పైమాట. మొదటి విమానం పట్టాలంటే అర్ధరాత్రి దాటాక రెండు, రెండున్నరకే కారెక్కాలి. ఆ నిద్రలేమితో, సీటు వస్తుందో రాదో తెలియని విమానానికి ఎందుకు? ముందురోజు సాయంత్రమే గాజువాకలోనో, ఎన్‌ఏడీ దగ్గరో తెలిసినవాళ్లింట్లో దిగిపోండి. సీటు రాకపోయినా మళ్లీ పదిహేను నిమిషాల్లో మంచం మీద ఉంటారు. భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి విమానాలు సాగితే శ్రీకాకుళం వాళ్లకి రోడ్డు దాదాపు సగం తగ్గుతుంది, విజయనగరం వాళ్లకి ఊళ్లో ఉన్నట్టే.

నాలుగో పని: ఎవరు ఆగాలి, ఎవరు ఎక్కాలి

ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఇదే మేం మాట్లాడుకోలేదు.

ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కి మొదటి విమానంలోనే మూడు సీట్లూ దొరికాయి. "సూసినావా, ఉట్టినే బయపడ్డావు" అంది అత్త. హైదరాబాద్‌లో మొదటి విమానానికి ఒక్క పేరూ పిలవలేదు. రెండోదానికి గేటు మూయడానికి కొన్ని నిమిషాల ముందు ఆ అమ్మాయి మా వైపు చూసి వేలు ఎత్తింది. "మేడమ్, ఒక్క సీటుంది. ఎవరు వెళ్తారు? వెంటనే చెప్పాలి."

అత్త "నువ్వెల్లు" అంది. నేను "మీరెలా ఉంటారు" అన్నాను. ఆవిడకి హిందీ రాదు, ఇంగ్లీషు రాదు, నాలుగేళ్ల పిల్ల ఏడుపు మొదలెడితే ఆపడం ఆవిడ వల్ల కాదు. పిల్లని ఒడిలో పెట్టుకుని వెళ్దామంటే రెండేళ్లు నిండినాక సీటు ఉండాల్సిందే. మేం అటూ ఇటూ చూసుకుంటుండగానే ఆ అమ్మాయి వెనకాల ఉన్న కుర్రాడి పేరు చదివింది. అతను వీపు సంచీతో పరిగెత్తాడు. తప్పు ఆమెది కాదు, ఆమెకున్నది అర నిమిషం.

కాబట్టి ఇంట్లోనే, కాగితం మీద రాసుకోండి. భర్త తోడుంటే లెక్క తేలిక: రెండు సీట్లొస్తే కడుపుతో ఉన్న మనిషి, పెద్దావిడ ఎక్కాలి, పిల్లతో భర్త ఆగాలి. ఒక్కటే వస్తే వదిలేయాలి. 28 వారాలు దాటిన మనిషిని ఒంటరిగా పంపొద్దన్నది నా గట్టి అభిప్రాయం. భర్త లేకుండా మాలాగా వెళ్తే మూడు సీట్లు లేకపోతే సున్నా, అంతే. తీర్మానం ఏదైనా సరే, దాన్ని లిస్టింగ్‌లో కూడా చూపించాలి. అందరి పేర్లూ ఒకే బుకింగ్‌లో ఉండి, విడిపోవడానికి సిద్ధమని చెప్పకపోతే, సరిపడా సీట్లు లేనప్పుడు మిమ్మల్ని దాటి కింది వాళ్లని పిలిచే అవకాశముంది. విడిపోయే ఉద్దేశం ఉంటే వేర్వేరుగా రాయించండి, కౌంటర్‌లో ముందే చెప్పండి.

సీట్లు పక్కపక్కన రావు. 12 ఏళ్ల లోపు పిల్లల్ని అమ్మనో నాన్ననో పక్కన కూర్చోబెట్టాలని 2024లో విమానాల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ విమాన సంస్థలకి చెప్పింది, కానీ అన్నీ నిండాక మిగిలిన మధ్య సీట్లలో ఆ సర్దుబాటు తోటి ప్రయాణికుల దయ. ఎమర్జెన్సీ ద్వారం పక్క వరస ఖాళీగా కనిపించినా గర్భిణులకి ఇవ్వరు.

ఆ కాగితం మీదే రెండో మాట కూడా రాయండి: ఎక్కడ ఆపేయాలి. మా ఇంట్లో ఇప్పుడున్న నియమం ఇది. రెండు విమానాలు పోతే, లేదా ఇల్లు వదిలి ఎనిమిది గంటలైతే, ఏది ముందైతే అది. ఆ తర్వాత స్టాండ్‌బై లేదు. టికెట్ కొనాలి, లేదా రైలెక్కాలి, లేదా చుట్టాలింటికి పోయి పడుకోవాలి. ఈ హద్దు విమానాశ్రయంలో గీసుకోలేరు. అక్కడ ఎప్పుడూ "ఇంకొక్కటి చూద్దాం" అనిపిస్తుంది. నాలుగో విమానం దాకా మేం అలాగే అనుకున్నాం. సాయంత్రానికి నా పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టలేదు. అత్త తన నీలం హవాయి చెప్పులు నా కాళ్లకి తొడిగి, తను వట్టి కాళ్లతో ఆ చల్లటి నున్నటి గచ్చు మీద తిరిగింది. అప్పుడు ఫోన్‌లో మా ఆయన రాత్రి పది గంటల విమానానికి పూర్తి ధరకి మూడు టికెట్లు కొన్నాడు. ఆ డబ్బుతో నెల ముందు ఢిల్లీ నుంచే మామూలు టికెట్లు మూడూ వచ్చేవి, ఇంకా మిగిలేది.

టికెట్ కొనే డబ్బు ఖాతాలో లేకపోతే స్టాండ్‌బైకి బయల్దేరకండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది, కానీ చవక టికెట్‌కి ఖరీదైన టికెట్ డబ్బు పక్కన ఉండాలి.

ఐదో పని: సంచి

పెద్ద సూట్‌కేసులు వద్దు. సారె సామాను, పిల్ల బట్టలు ముందే పార్శిల్లో పంపేయండి. చేతి సంచులతోనే వెళ్తే పిలవగానే కదలొచ్చు. లోపల రెండు రోజుల మందులు ఉండాలి: ఐరన్, కాల్షియం, థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకి అది, ఇన్సులిన్ ఉంటే డాక్టరు చీటీతో సహా. ఏఎన్ఎమ్ ఇచ్చిన తల్లీబిడ్డల కార్డు, బ్లడ్ గ్రూపు కాగితం, మార్పు బట్టలు ఒక జత, సానిటరీ ప్యాడ్లు. తినడానికి మురీలు, వేరుశనగ ఉండలు, పలాస జీడిపప్పు. విమానాశ్రయంలో దోసె ధర చూసి మా అత్త "ఈ డబ్బులకి బియ్యం బస్తా వత్తాది" అంది. బస్తా రాదు గానీ బాధ నిజమే.

ఆరో పని: ఆ రోజు

టెర్మినల్ గుమ్మం దగ్గర కాపలా ఉండే సీఐఎస్ఎఫ్ భద్రతా సిబ్బందికి లిస్టింగ్ కాగితం, గుర్తింపు కార్డులు చూపాలి. మెటల్ డిటెక్టర్ గుమ్మం వల్ల బిడ్డకి ఏమీ కాదు. ఆడవాళ్లకి తెర వెనక మహిళా సిబ్బంది తనిఖీ ఉంటుంది, కడుపుతో ఉన్నానని చెబితే నెమ్మదిగా చూస్తారు.

కౌంటర్‌లో ఒకసారి కనిపించి, వారాలు చెప్పి, సర్టిఫికెట్ ఉంటే చూపించి, పక్కకి వచ్చేయండి. మాటిమాటికీ వెళ్లి అడగొద్దు, గొంతు పెంచొద్దు. మన ప్రవర్తనకి జవాబు చెప్పుకోవాల్సింది అక్కడ పనిచేసే మన మనిషే. సీటు రాకపోతే సొంతంగా బయటికి నడిచి వచ్చేయడం కుదరదు, సిబ్బంది వచ్చి పంపించాలి. దానికి కూడా అరగంట లెక్కేసుకోండి.

కాళ్ల సంగతి. గర్భంలో కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం మామూలు కంటే ఎక్కువ. నాలుగు గంటలు దాటిన విమాన ప్రయాణానికి బిగుతు మేజోళ్లు వేసుకోమని డాక్టర్లు చెబుతారు. హైదరాబాద్ నుంచి విశాఖ గంటంపావు, దానికెందుకు అనుకున్నాను. విమానంలో గంటంపావే, కుర్చీలో తొమ్మిది గంటలు. కాబట్టి గేటు దగ్గర గంటకోసారి లేచి నడవండి, కూర్చున్నప్పుడు మడమలు పైకీ కిందికీ ఆడించండి, కాళ్లు సంచి మీద పెట్టుకోండి. బాత్‌రూమ్‌కి వెళ్లాల్సొస్తుందని నీళ్లు తాగడం మానకండి. పేరు పిలుస్తారేమోనని నేను రెండు గంటలు ఆపుకున్నాను, అది పిచ్చి పని. అత్తని గేటు దగ్గర నిలబెట్టి వెళ్లి రావచ్చు.

పిలిస్తే, ఎక్కాక, బెల్టు పొట్ట మీద కాదు, పొట్ట కింద తుంటి ఎముకల మీదుగా. మధ్య సీటైతే దారి పక్క వాళ్లని అడగండి, పొట్ట చూసి కాదనే వాళ్లు తక్కువ.

రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోతున్నట్టున్నా, తగ్గని తలనొప్పి, చూపు మసక, ఆగి ఆగి వచ్చే నొప్పి, బిడ్డ కదలిక తగ్గడం, వీటిలో ఏ ఒక్కటున్నా పేరు పిలిచినా ఎక్కకండి. విమానాశ్రయంలో వైద్య కేంద్రం ఉంటుంది, ముందు అక్కడికి.

దిగాక

విశాఖలో దిగేసరికి కారు మాట్లాడి ఉండాలి, కానీ ఏ విమానమో తేలేదాకా డ్రైవర్ని ఇంటి దగ్గరే ఉండమనండి. ఎక్కి కూర్చున్నాక, తలుపు మూసే ముందు ఫోన్ చేస్తే సరిపోతుంది. వెనక సీట్లో ఎడమవైపు ఒరిగి కూర్చోండి, బెల్టు ఇక్కడా పెట్టుకోండి. తగరపువలస దాటాక ఒకసారి, రణస్థలంలో ఒకసారి ఆపించి నడవండి. దారిలో తేడాగా అనిపిస్తే ఊరి దాకా లాక్కెళ్లకుండా 108కి చేయండి.

ఇంటికి చేరాక, పడుకునే ముందు ఇంకో పని. ఎక్కని విమానాలకి మీ పేర్ల మీద మిగిలిన లిస్టింగులు రద్దు చేయమని ఉద్యోగికి చెప్పండి. వాడని టికెట్ల డబ్బు వాపసు కూడా అప్పుడే పెట్టించాలి. మా ఆయన వారం తర్వాత పెట్టాడు, వాడని ఆ మూడు స్టాండ్‌బై టికెట్ల పన్నులు వెనక్కి రావడానికి పిల్లాడి బారసాల అయిపోయింది.